నర్సింగ్ సిక్సర్ దిగిన శుక్రవారం

గంగన్న పప్పుకు పోపు పెట్టాడంటే రైసూత్ రేవులో లంగరేసిన ఓడల్లో కూడా తుమ్ములు మొదలవుతాయి. ఒమాన్‌లో రాళ్ళు పగలగొట్టే క్రషర్ కంపెనీ క్యాంపులో మెస్సు వంట అతనిదే. వానతుంపర ఆగి, సలాలా కొండల మీద మబ్బుతెర తొలగి, క్రికెట్ సీజన్ దగ్గర పడిందంటే ఆ పోపులో మిరపకాయలు రెట్టింపవుతాయి. గంగన్న జన్మలో బ్యాటు పట్టలేదు గానీ, క్రషర్ టీమ్‌కు అంతటి అభిమాని గల్ఫంతా గాలించినా దొరకడు.

"ఈపారి కప్పు మనదే!" అని గరిటెతో గిన్నె మీద కొట్టాడు.

"పోయినేడు గిట్లనే అంటివి గదనే," అన్నాడు నర్సింగ్ పళ్ళెం చాపుతూ. "మొదటి మ్యాచ్‌లనే ఇంటికొస్తిమి."

"నోరు మూసుకొని తిను! పోయినేడు నీకు జెరమొచ్చె. ఈయేడు దున్నపోతు లెక్కున్నవ్. ఎట్ల ఓడుతరో నేను గూడ జూస్త!"

నర్సింగ్ ఎలాంటి బ్యాట్స్‌మనో తెలియాలంటే మూడేళ్ళ కిందటి ఫైనల్ సంగతి చెప్పాలి. దాన్ని నాలాగా చెప్పగలవాడు ఒమాన్‌లో ఇంకొకడు లేడు. కోల్డ్ స్టోరేజి కంపెనీ టీమ్‌తో ఆట. ఆఖరి బంతికి ఆరు పరుగులు కావాలి. నర్సింగ్ కొట్టాడు. టేపు చుట్టిన టెన్నిస్ బంతి పైకి వెళ్ళింది. ఇంకా దిగలేదు.

రోజూ దాని నీడ క్యాంపు మీదుగా పోతుంది. అది ఆరేసిన లుంగీల మీదికి రాగానే జనం తిండికి లేస్తారు. అంపైర్ సమీయుల్లా కంపెనీ బస్సు డ్రైవర్. బంతి గాలిలో ఉండగా ఆట అయిపోయిందనడానికి లేదని, ఆ కప్పును బస్సులోనే పెట్టుకు తిరుగుతున్నాడు. ఆ రోజు కోల్డ్ స్టోరేజి తరఫున బౌండరీ సున్నం గీత దగ్గర ఫీల్డింగ్ చేసిన వహీద్ తర్వాత క్రషర్ కంపెనీలోనే క్యాంప్ బాస్‌గా చేరాడు. "దిగనీ, నా చేతుల్లనే పడ్తది," అంటాడు ఇప్పటికీ.

ఈ వహీదే సీజన్ ముందర టీమ్ కెప్టెన్ నర్సింగ్‌ను పిలిచి, తనకు ఓపెనింగ్ ఇవ్వమన్నాడు. నర్సింగ్ కుదరదన్నాడు. మర్నాడే హుకుం వచ్చింది: సూర్ సైట్‌లో ఒక మనిషి కావాలట, నర్సింగ్ శుక్రవారం బయల్దేరాలి. ఎడారి మొత్తం దాటి పోవాల్సిన ఊరు.

శుక్రవారం పొద్దున మైదానం బౌండరీ గీత అవతల బస్సు ఆగి ఉంది. వహీద్ సమీయుల్లాకు గట్టిగా చెప్పాడు: "మనిషి ఎక్కంగనే తలుపెయ్. సూర్ దాక ఆపొద్దు. వీడు దుంకి పారిపోతడు."

నర్సింగ్ సంచీని గంగన్న గుంజి పట్టుకున్నాడు. మొహం ఎండుమిరపకాయలా ఉంది.

"ఓపెనింగ్ ఇయ్యలేదని మనిషిని ఎడారి ఆవలికి తోల్తవా? థూ! నువ్వు బ్యాటు పడితే కాకులు గూడ నవ్వుతయ్!"

"గంగన్నా, నీ పని వంట. వంట చూస్కో."

"వంటనా? రేపట్నుంచి నీ పప్పుల ఉప్పుండదు, మిరపకాయలే ఉంటయ్! వారమంతా రాళ్ళు పగలగొట్టే మనిషికి ఉన్నదొక్కటే శుక్రవారం. అది గూడ గుంజుకుంటవా?"

వహీద్ నవ్వాడు. ఆ నవ్వుకు గంగన్న తలెత్తి ఆకాశంలోని బంతి మీద విరుచుకుపడ్డాడు.

"నువ్వేం జేస్తున్నవే పైన? మూడేండ్ల సంది ఊరేగుడేనా? మావోన్ని తోల్కపోతుంటే జూస్తున్నవా? దిగు! దిగుతవా లేదా?"

ఆ అరుపుకు కొండ మీద ఒంటెలు నెమరు ఆపేశాయి. మైదానంలో బంతి నీడ నిలబడిపోయింది. చిక్కబడింది.

వహీద్ తల పైకెత్తాడు. మూడేళ్ళుగా ఆ మెడ అదే పని మీద ఉంది మరి. "నాది! నాది!" అని అరుస్తూ, కళ్ళు ఆకాశం మీదే పెట్టి వెనక్కి వెనక్కి పరిగెత్తాడు. గీత దాటాడు. వెనకడుగుతోనే బస్సు మెట్లెక్కాడు. సీట్లో కూలబడ్డాడు. బంతి బస్సు పైకప్పు కిటికీలోంచి సూటిగా దిగి అతని దోసిట్లో పడింది.

"ఔట్!" అని కేకేశాడు వహీద్.

సమీయుల్లా తలుపేసి బండి తీశాడు.

"గీత బయట పట్టినరు భాయ్," అని స్టీరింగ్ వదిలి రెండు చేతులూ పైకెత్తాడు. "సిక్సర్." కప్పును కిటికీలోంచి గంగన్న వైపు విసిరాడు.

"ఆపవయ్యా బండి!"

"ఆపొద్దని మీరే అన్నరు గద?"

సూర్‌లో ఒక మనిషి కావాలన్నారు, ఒక మనిషి దిగాడు. వాళ్ళు అతన్నే డ్యూటీకి తీసుకెళ్ళారు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

క్యాంపు క్యాంపంతా కప్పు చుట్టూ చిందులేసింది. గంగన్న ఒక్కడే గరిటె పట్టుకుని మీద పడ్డాడు.

"దేనికి ఎగురుతున్నర్రా? అది మూడేండ్ల కిందటి కప్పు! ఈయేటిది ఇంక ఆడనే లేదు! నర్సింగూ, సంచి లోపల పడేసి బ్యాటు తీయ్. ఈపారి బంతి దిగేటట్టు కొట్టు!"