బంతి ఎవరిది

పరుశురాం మోకాలికి ఆముదం వేడిచేసి రాస్తున్నాను. నా మనవడు కొన్నేళ్లుగా దుబాయ్‌లో జీతానికి బేస్‌బాల్ ఆడుతున్నాడు. మైదానం చివర, నట్టనడుమ వాడి చోటు. బంతి ఎంత దూరం లేచినా అది దిగేలోపే వాడు దాని కింద ఉంటాడని పేరు. పోయిన సీజన్‌లో మోకాలు మెలితిరిగింది. మునుపటిలా ఉరుకుతున్నట్టు వీడియో పంపితేనే మళ్లీ తీసుకుంటామన్నారు క్లబ్బువాళ్లు.

"గట్టిగ రుద్దవ్వా! రుద్దుతున్నవా, జో కొడ్తున్నవా?"

"పోకుంటే ఏమైతదిరా?"

"ఉరుకుడు తప్ప నాకేమొస్తదే?"

మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో కాపురం చేసినదాన్ని. ఇప్పటికీ రైలు కూస్తే ఎవరో వెళ్లిపోతున్నట్టే ఉంటుంది. వాడు నెగ్గాలనీ ఉంది, వెళ్లకూడదనీ ఉంది.

ఆదివారం పొద్దున లాలాపేట్ నుంచి ఆటోలో తార్నాక మీదుగా యూనివర్సిటీ మైదానానికి వెళ్లాం. విద్యార్థులతో కలిసి ఆట. వాడి పాత కోచ్ భూపాల్ ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

"నీడకు కూసో అమ్మా."

"నా సంగతి ఇడ్చిపెట్టు. వాడు మంచిగ కనవడాలె."

ఎత్తుగా వచ్చే బంతికి ఇద్దరు ఉరికితే ఢీకొంటారు. అందుకే నడుమనున్నవాడు "నాది" అని అరిస్తే తక్కినవాళ్లు తప్పుకోవాలి. ఆ కేక వాడి హక్కు. ఇంట్లో ఆఖరి సకినం మీద కూడా అదే కేక వేసేవాడు.

బంతి లేచింది. వాడికీ, ఎడమవైపు ఆడుతున్న సాయితేజ అనే విద్యార్థికీ మధ్యకు వస్తోంది. ఇద్దరూ ఉరికారు.

"నాది!" అన్నాడు మావాడు. సాయితేజ వేగం తగ్గించాడు. నా కొంగు నా నోట్లోనే ఉంది. రెండడుగులు వేశాక మావాడి కాలు ఈడ్చుకుపోవడం నాకే కనిపించింది.

"నీది! నీదేరా, ఉరుకు!" అని సాయితేజకు కేకేశాడు మావాడు.

సాయితేజ ముందుకు దూకి, బోర్లాపడి, బంతి పట్టుకున్నాడు.

"ముందుగాల నాది అన్నవు గద అన్నా, మల్ల నాకెందుకు ఇడిశినవ్?" అన్నాడు దుమ్ము దులుపుకుంటూ.

"నాకు అందదురా. నీకు అందుతది."

భూపాల్ ఫోన్ దించాడు. "ఇంకోటి కొట్టిస్త, పరుశా. ఇది తీసేస్త."

"వద్దు సార్. ఇదే పంపుండ్రి. సాయితేజ పేరు రాసి పంపుండ్రి."

కుంటుకుంటూ వచ్చి నా పక్కన కాళ్లు చాపి కూర్చున్నాడు.

"ఇగ ఏడికీ పోను. ఖుషీయేనా అవ్వా?"

ఇన్నాళ్లూ వినాలనుకున్న మాటే. సంచిలోంచి ఆముదం సీసా తీశాను.

"మోకాలు ఇటు పెట్టు."

"మెల్లగ రుద్దవ్వా," అన్నాడు కళ్లు మూసుకుని. "ఇగ తొందరేం లేదు."