వరండా దీపానికి రెండో స్విచ్చు

దీవిలో జాలర్లుండే మిన్నీ బేలో మా అత్తవారింట ఒక పద్ధతి ఉంది. పడవ వేటకి బయల్దేరగానే మా అత్త గురమ్మ వరండాలో దీపం వేస్తుంది. దాన్ని ఆర్పవలసింది మాత్రం వేట నుంచి తిరిగొచ్చిన మనిషే. లాంతరు పోయి కరెంటు దీపం వచ్చినా పద్ధతి మారలేదు. చిక్కల్లా స్విచ్చు వంటింట్లో ఉండటం. మామ జోగులు తెల్లవారగానే తడి కాళ్లతో, ఇసకతో, అత్త అప్పుడే తుడిచిన నేల మీదుగా వంటింటి దాకా నడిచి దీపం ఆర్పుతాడు. వాళ్ల పోట్లాటతోనే మాకు మెలకువ. కొత్త కోడలిని కదా, నాకు అది కూడా ముచ్చటగానే ఉండేది.

మా ఆయన గణేశ్వరరావు ఐటిఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదువుతున్నాడు. పడవలో ఒక మనిషి తగ్గాడని మామకి కోపం. మొన్న అన్నం తింటూ తేల్చేశాడు.

"ఆ స్విచ్చు నా గుమ్మం కాడికి తే. అప్పుడు సదువుకో బేటా. నేకపోతే ఆదివారం నుంచి పడవెక్కు."

వంటింటి స్విచ్చు తీస్తే ఒప్పుకోనని అత్త పట్టుబట్టింది. అంటే ఒకే దీపాన్ని రెండు చోట్ల నుంచీ వెయ్యాలి, ఆర్పాలి. ఆ పాఠం క్లాసులో అయిందని మా ఆయన ధీమాగా చెప్పాడు.

శనివారం రెండు చోట్లకీ మూడు స్క్రూల కొత్త స్విచ్చులు తెచ్చి, మెయిన్ ఆపేసి నిచ్చెన ఎక్కాడు. నేను స్క్రూలు అందిస్తూ, అవసరం లేకపోయినా నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. పని అయ్యాక మెయిన్ వేసి, అతను గుమ్మం దగ్గరా నేను వంటింట్లోనూ స్విచ్చులు నొక్కి చూశాం. రెండూ వేస్తేనే దీపం వెలుగుతోంది. ఏ ఒక్కటి ఆపినా ఆరిపోతోంది.

"బాగుంది, మనిద్దరం కలిస్తేనే వెలుగుతోంది," అన్నాను.

అతను నవ్వలేదు. రేపటి పడవ అతని కళ్లలో కనిపిస్తోంది.

నేను బీఎస్సీలో చదివింది గుర్తు తెచ్చుకుంటూ, ఇంకా మూతలు బిగించని స్విచ్చులు పరీక్షగా చూశాను. రెండింటిలోనూ మూడో స్క్రూ ఖాళీగా ఉంది. పైన మేకుకి ఒక వైరు చుట్ట నీటుగా వేలాడుతోంది. అదేమిటని అడిగాను.

"స్పేర్. సారు బోర్డు మీద రెండు స్విచ్చుల మజ్జెన రెండు వైర్లు గీసేడు. ఒకటి తెగిపోతే రెండోది ఉండాల కదా, సీతాలూ."

పడవలో ఏ తాడుకైనా జోడు తాడు పెట్టుకోకుండా వీళ్లు ఒడ్డు దాటరు. నాకు నవ్వాగలేదు. రెండోది కూడా బిగిస్తేనే కదా ఏ స్విచ్చు నొక్కినా దీపం మారేది అన్నాను. అతను "అరే యార్," అంటూ మెయిన్ ఆపడానికి పరుగెత్తాడు.

ఆ సాయంత్రం పడవ వెళ్లింది. అత్త వంటింట్లోంచి దీపం వేసింది. తెల్లవారుతుండగా మేమిద్దరం తలుపు చాటున నిలబడ్డాం.

మామ వచ్చాడు. తడి కాళ్లు గడప బయటే ఉంచి, చెయ్యి చాపి స్విచ్చు నొక్కాడు. దీపం ఆరింది. చెయ్యి వెనక్కి తీసేలోగా మళ్లీ వెలిగింది. ఆర్పాడు. వెలిగింది. వంటింట్లో గాజుల చప్పుడు.

"ఏటే గురూ, సిన్నపిల్లవా?" అన్నాడు మామ. ఆ పిలుపు మేమెప్పుడూ వినలేదు.

తర్వాత తలుపు వైపు చూడకుండానే కొడుకుతో అన్నాడు: "రేపు బస్సెక్కి క్లాసుకి పో. పడవకీ ఒక దీపం బిగిద్దువు గాని."

సూర్యుడు పైకొచ్చేశాడు. నేల మీద ఇసక రేణువు లేదు. వరండాలో దీపం మాత్రం ఇంకా ఆరుతూ, వెలుగుతూనే ఉంది.