నది మీది పసుపు

సాలోమోను బతికున్నన్నాళ్లూ ఆ పటం విషయంలో రాజేశ్వర్ సారుకూ అతనికీ తగవు తెగలేదు.

మిషన్ దవాఖానలో కాంపౌండరుగా చేసిన సాలోమోనుకు, ఇంగ్లీషు డాక్టరమ్మ స్వదేశానికి వెళ్లిపోతూ ఇచ్చిన తైలవర్ణ చిత్రమది. యాభైలలో ఆమె తమ్ముడు వేసిన లండన్ నది. రాత్రివేళ నల్లటి నీరు, వంతెన నీడ, నీటి మీద సన్నగా వణికే పసుపుపచ్చ గీతలు. అవి ఒడ్డున వెలిగే దీపాలని సాలోమోను ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ చూపేవాడు. పసుపు అమ్మే ఆర్మూరు మార్కెట్ యార్డు పక్కనున్న ఆ ఇంట్లో ఏళ్ల తరబడి వేలాడిన పటం మీద అది పసుపు దుమ్ము కాక మరేమిటని, సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన రాజేశ్వర్ నవ్వేవాడు.

ఎనభై ఏడు వేసవిలో, స్నేహితుడు పోయి ఏడాది నిండుతుండగా, ప్రార్థనకు బంధువులు వస్తారని అతని భార్య లిదియా ఇంటికి సున్నం వేయించింది. పటం తాను శుభ్రం చేసి తెస్తానని రాజేశ్వర్ సారే అడిగి తీసుకుపోయాడు.

చాకలిసోడా నీళ్లలో గుడ్డ ముంచి ఒక మూల రుద్దాడు. గుడ్డకు పసుపురంగు అంటింది కాని ఎర్రబడలేదు. సోడా తగిలితే పసుపు ఎర్రబడుతుంది. స్వాముల మహిమల గుట్టు విప్పుతూ అంకాపూర్‌లో ఆయనే పదిమందికి చేసి చూపిన సంగతి. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. సోడా పాతబడిందేమోలే అనుకుని మళ్లీ రుద్దాడు. గీతలన్నీ పోయి నది ఒట్టి బూడిదరంగుకు తిరిగాక గానీ, తాను తుడిచింది దుమ్ము కాదని ఒప్పుకోలేకపోయాడు.

పటాన్ని గోడవైపు తిప్పి పెట్టాడు. నువ్వు అనుకున్నది కాదు, ప్రయోగం చెప్పింది రాయమని పిల్లల్ని మందలించిన మాటలు అన్నం ముందు కూర్చుంటే గుర్తొచ్చేవి.

చివరికి తీసుకుపోయి ఇస్తే లిదియా చాలాసేపు చూసింది.

"గదంత పసుపేనా సార్?"

ఆయన తలవంచుకుని, పటానికి చుట్టి తెచ్చిన గుడ్డ మడతపెట్టసాగాడు. దాన్నే ఆమె అవునన్న జవాబుగా తీసుకుంది.

"ఐతే మీరే గెలిచిండ్రు. మా ఆయన పిచ్చోడు. దుమ్ము చూపెట్టుకుంట దీపాలు దీపాలని ఊరందరికి చెప్పిండు. ఎంత నవ్వుకున్నరో జనం."

ఇక ఊరుకుంటే చాలు. పటం పాడుచేశాడన్న పేరు రాదు సరికదా, వాదం గెలిచిన పేరు వస్తుంది. చచ్చినవాడు వచ్చి కాదనడు. ఆ సంగతి ఆయనకంటే గట్టిగా నమ్మేవాళ్లు ఆర్మూరులో లేరు.

"అవి దీపాలే చెల్లె. సాలోమోను చెప్పిందే కరెక్టు. ఒక మూల రుద్దంగనే నాకు ఎరుకైంది. ఎరుకయ్యి గూడ తుడిచిన."

లిదియా తిట్టలేదు. కూర్చోమనీ అనలేదు. స్టూలు తెచ్చి వేసి, పటాన్ని ఆయన చేతనే మేకుకు తగిలింపజేసింది. ఆ తరువాత బూడిదరంగు నీటి మీద వేలుపెట్టి, గిక్కడొకటుండె, గీ వంతెన కింద పొడుగ్గ ఇంకొకటుండె అంటూ ఒక్కొక్కటే చెప్పసాగింది.

"కనవడుతున్నయా?"

అన్నేళ్లూ ఆయన ఆ పటంలో చూసింది దుమ్మునే. ఏ దీపం ఎక్కడుండేదో ఒక్కటీ గుర్తులేదు.

"లేదు చెల్లె. మల్ల చెప్పు."