యాభై నిమిషాల శిఖరం

"ఆవిణ్ణి అడిగి లాభం లేదండీ. పందొమ్మిదేళ్ళుగా ఇక్కడే ఉంది గానీ ఒక్కసారీ పైకెక్కలేదు," అన్నాడు మా ఆయన షిగేఆకి, మిసో పులుసు గిన్నె అందుకుంటూ. బల్ల చుట్టూ ఉన్న అతిథులంతా నవ్వారు. శిఖరానికి ఎంతసేపు పడుతుందని నన్ను అడిగిన పెద్దావిడ మాత్రం నవ్వలేదు.

యాభై నిమిషాలని చెప్పాను. అది షిగేఆకి నడక లెక్క. దారి గుర్తుకి పేర్చిన రాళ్ళగుట్టల్లో మూడోదాని దగ్గర ఎడమకి తిరగాలనీ, ఆ పైన నేలబారు పైన్ పొదలు ఆగిపోయి ఉత్త బండలే ఉంటాయనీ అందరికీ చెబుతాను. అన్నీ విన్నవే. భూమి లోపల చల్లారిన గ్రానైట్ పైకి లేచి జపాన్‌లోని ఈ ఉత్తర ఆల్ప్స్ ఎలా అయిందో కాలేజీ పరీక్షలో నాలుగు పేజీలు రాశాను. పెళ్ళయ్యాక ప్రతి వేసవీ ఆ కొండ భుజం మీదున్న అత్తవారి సత్రంలోనే గడుపుతున్నాను. నాకు తెలిసిన కొండ వంటింటి కిటికీలో పట్టేంత. మూడున్నరకి లేచి అన్నం వండటం, అతిథుల దారికి అన్నం ముద్దలు కట్టడం, ఇరవైనాలుగు పరుపులు ఎండేయడం, మబ్బు రాకముందే తీయడం. మొదటి ఏడు నేనూ వెళ్ళొస్తానంటే అత్తయ్య, "కొండదేవత ఆడది. ఇంకో ఆడది కనిపిస్తే కుళ్ళుకుని వాన తెస్తుంది," అంది. మరి ఆడ అతిథులో అన్నాను. "వాళ్ళు డబ్బిచ్చి ఎక్కుతారమ్మా." అత్తయ్య పోయాక షిగేఆకి, "వచ్చే ఏడు చూద్దాంలే," అనేవాడు. ఇప్పుడు నాకు నలభైఎనిమిది. మోకాలి లోపల ఏదో గీసుకుంటోంది. ఇంకో వచ్చే ఏడు దాకా అది ఆగుతుందన్న నమ్మకం లేదు.

ఆ నవ్వు చెవిలోంచి పోలేదు. అతిథులు వెళ్ళాక గిన్నెలు నీళ్ళల్లో వదిలేసి బూట్లు వేసుకున్నాను. షిగేఆకి వెనక నీళ్ళ గొట్టం బాగుచేస్తున్నాడు. చెప్పలేదు. చెబితే ఏదో పని గుర్తొచ్చేది, అతనికి కాకపోతే నాకే.

మూడో గుట్ట దగ్గర తిరగాల్సింది కుడికి. ఎడమ దారి కూలిపోయి ఉంది. బండల మీద దారి చూపే తెల్లరంగు గుండ్రాలు కుడివైపే గీసి ఉన్నాయి. ఎంతమందికి ఎడమ అని చెప్పానో. కంకరలో ఒక మంచుకోడి ఐదు పిల్లల్ని వెంటేసుకుని దాటింది. పుంజు ఎక్కడా లేదు.

శిఖరం మీద ఆ పెద్దావిడ అన్నం ముద్ద తింటోంది. "వచ్చేశారే," అంది. "నాకు గంటన్నర పట్టింది. యాభై నిమిషాలన్నది ఎవరు?" ఇద్దరం నవ్వుకున్నాం. ఆ పక్క మూపురంలాంటి శిఖరం కూడా చూసొస్తానని ఆవిడ లేచి వెళ్ళింది. నేను కూర్చున్నాను. ఇటు లోయ, అటు ఇంకో లోయ, వాటి వెనక నాకు పేర్లు తెలిసి చూడని కొండలు. చూడాల్సింది ఇంతుందా అనిపించింది.

పదిన్నరకి లోయలోంచి మబ్బు లేచి అంతా కమ్మేసింది. అలా కమ్మినప్పుడు సత్రం గుమ్మంలో గంట కొట్టాలి. పైనున్నవాళ్ళు ఆ చప్పుడు పట్టుకుని దిగుతారు. ఇన్నేళ్ళూ పొయ్యి మీద పులుసు వదిలేసి పరుగెత్తి కొట్టిందాన్ని నేనే. నన్నెవరూ కొట్టమనలేదు, అదొక పని అనీ ఎవరూ అనుకోలేదు. చెవులు రిక్కించి నిలబడ్డాను. గాలి తప్ప ఏమీ లేదు. ఒక గుండ్రం నుంచి ఇంకో గుండ్రం దాకా, బండల్ని చేతుల్తో తడుముకుంటూ దిగాను.

షిగేఆకి గుమ్మంలో చేతులు తుడుచుకుంటున్నాడు. "ఎక్కణ్ణుంచి వస్తున్నావు? లోపలున్నావనుకున్నాను."

"గంట ఎందుకు కొట్టలేదు?"

"నువ్వు కొడుతున్నావనుకున్నా."

"వినిపించిందా?"

కాస్త ఆలోచించాడు. "విన్నట్టే అనిపించింది."

గంట తాడు తీసి అతని చేతిలో పెట్టాను. "ఆ పెద్దావిడ ఇంకా పైనే ఉంది. ఆపకుండా కొట్టండి."

"నువ్వెక్కడికి?"

"మూడో గుట్ట దగ్గర నిలబడతాను. అక్కడే దారి తప్పుతారు. అక్కడికి మీ గంట వినిపించకపోతే కిందికొచ్చి చెబుతాను, ఇంకాస్త గట్టిగా కొడుదురుగాని."