కాయ నీది, చీమ నాది

ఆ ఏడు మామిడి కోతల నాటికి నా చేతిలో ఉన్నవి ఒక లారీలో సగం వాటా, గెడలు పట్టిన ఎనిమిది మంది కోతగాళ్లు, పరాకూ పట్నంలో మామిడి ముక్కలు ఎండబెట్టే ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒకే ఒక్క అవకాశం. చివరిది పోతే మొదటి రెండూ దండగే.

అప్పటికే నా సరుకు రెండుసార్లు వెనక్కి వచ్చింది. మొదటిసారి పురుగు. పండు ఈగ తొక్కలో సూది గుచ్చినట్టు గుచ్చి గుడ్లు పెడుతుంది. పైకి కాయ నిగనిగలాడుతుంది, కోస్తే లోపల తెల్లగా కదులుతాయి. రెండోసారి తెలివి చూపబోయి, మా వైపు అందరూ చేసే పనే చేశాను. మా ఊళ్లలో ప్రతి ఇంటికీ పత్తి చేను ఉంటుంది, ప్రతి చూరు కిందా పత్తి మందు సీసా ఉంటుంది. అదే తెచ్చి మామిడికి కొట్టించాను. పురుగు కాస్త తగ్గింది గానీ మందు పండులోనే కూర్చుంది.

ఫ్యాక్టరీలో సరుకు చూసే సెనామి మేడం పరీక్ష కాగితం నా ముఖం ముందు ఆడించింది. "పళ్లు అమ్ముతున్నావా జిబ్రిల్, విషం అమ్ముతున్నావా? ఈసారి పురుగొచ్చినా మందొచ్చినా ఈ గేటు వైపు లారీ తిప్పకు."

అప్పుడు బాకే పెద్దమ్మ తోట గుర్తొచ్చింది. నలభై చెట్లు. ప్రతి చెట్టు మీదా ఆకులు కుట్టి గూళ్లు కట్టుకునే ఎర్రచీమలు. కోతగాళ్లు ఎక్కరు కాబట్టి బేరగాళ్లు వెళ్లరు. బేరగాళ్లు వెళ్లని చోట సరుకు చవక. ఈ లెక్కతోనే వెళ్లాను.

నేను వెళ్లేసరికి ఆవిడ నిచ్చెన మీద నిలబడి ఒక కొమ్మ నుంచి పక్క చెట్టు కొమ్మకు తాడు కడుతోంది. అరవై దాటిన మనిషి.

"ఏంటి పెద్దమ్మా, ఉయ్యాల కడుతున్నావా?"

"వంతెన. ఈ చెట్టోళ్లూ ఆ చెట్టోళ్లూ చుట్టాలు. నేల మీద నడిస్తే నల్లచీమలు కొట్లాటకొస్తాయి. నువ్వు కాయ కోసం వచ్చావా, కబుర్ల కోసమా?"

బేరం తొందరగానే తెగింది. చివర్లో ఒక షరతు పెట్టింది. "కాయ నీది, చీమ నాది. ఒక్క గూడు చచ్చినా కోత ఆపేస్తా."

సరేనన్నాను. నోటితో అన్నానంతే. కోత రోజు మందు సీసా తెమ్మని మా మేస్త్రి బోనీకి ముందే చెప్పి ఉంచాను. ఒక్క పూట, అదీ గూళ్ల మీదే కొడితే కాయకు అంటదు, చీమలు రాలిపోతాయి, ముసలావిడ చూసేలోగా లారీ నిండుతుంది అనుకున్నాను.

కోత రోజు తెల్లవారగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుని కంచె దగ్గరికి తీసుకెళ్లింది. అవతల ఆవిడ మరిది తోట, ఏటా పత్తి మందు కొట్టే తోట. అక్కడ రాలిన కాయలు అయిదు, ఇక్కడ రాలినవి అయిదు ఏరి, కత్తి నా చేతికిచ్చింది. "నువ్వే కొయ్యి. నేను కోస్తే మాయ చేశానంటావు."

మరిది కాయల్లో మూడింటిలో పురుగు. ఆవిడ కాయల్లో ఒక్కదాంట్లోనూ లేదు.

"ఆయన మందుకి అక్కడి చీమలు చచ్చాయి, ఈగలు మాత్రం ఎగిరిపోయి మళ్లీ వచ్చాయి" అంది. "నా చెట్టు మీద వాలిన ఈగని చీమ గుడ్డు పెట్టనివ్వదు. చీమ నడిచిన కాయ వాసనే దానికి గిట్టదు. ఎండాకాలం వీటికి చిప్పల్లో నీళ్లు పెడతా, చేప పేగులు వేస్తా. అంతకు మించి అడగవు."

ముప్పై ఏళ్లుగా కూలీలను పెట్టి పని చేయిస్తున్నాను. రాత్రీ పగలూ కాపలా కాసే ఇన్ని వేల మందిని చేప పేగులతో పోషించే యజమానిని ఎన్నడూ చూడలేదు. బోనీని ఆపడానికి పరుగెత్తాను.

ఆలస్యమైంది. తోట చివర ఒక చెట్టు కింద చీమలు ఎర్రగా రాలి ఉన్నాయి. బోనీ వీపున మందు డబ్బా ఉంది.

"ఇంకో చెట్టు కొట్టమంటావా అన్నా?"

"నీ నెత్తిన కొట్టుకో! దించరా ముందు!"

"నువ్వే కదా తెమ్మన్నది!"

"నేనే. అందుకే నిన్ను తిట్టలేక చస్తున్నా."

ఆవిడకు దాచిపెట్టి మిగతా కాయ కోసుకోవచ్చు. తర్వాత తెలిస్తే తోట పోతుంది. ఆ చెట్టు కాయ ఒక్క బుట్ట కలిసినా గేటు పోతుంది. ఎటు లెక్కేసినా నిజమే చవకగా తేలింది. వెళ్లి చెప్పాను.

ఆవిడ వంగి, రాలిన చీమలను పుల్లతో కదిపి చూసింది. "నీ అంతట నువ్వే చెప్పావు కాబట్టి కోత ఆపను. ఈ చెట్టు కాయ గొయ్యి తీసి పూడ్చు, మేకలకు కూడా వెయ్యకు. వానలు పడి మందు కొట్టుకుపోయాక వచ్చి, పక్క చెట్టు నుంచి గూళ్లు తెచ్చి ఇక్కడ కట్టాలి. బోనీ కాదు, నువ్వు."

"నేనా? చెట్టెక్కి పాతికేళ్లయింది పెద్దమ్మా."

"చీమలకి నీ వయసుతో పనిలేదులే."

తర్వాత కోత ఎలాగో నేర్పింది. మోచేతుల దాకా కట్టెల బూడిద రాసుకోవాలి. ముందు పక్క చెట్టు మొదట్లో చేప పేగులు వెయ్యాలి. సగం చీమలు తాడు మీదుగా అటు దాటాక, తిరిగి రాకుండా కోసే చెట్టుకు కట్టిన తాడు విప్పాలి. బూడిద పూసుకున్న కోతగాళ్లు దయ్యాల్లా ఉన్నారు. అయినా కుట్టాయి, తిట్టుకున్నారు, కోశారు. ముప్పై తొమ్మిది చెట్లు.

గేటు దగ్గర సెనామి మేడం బుట్టకు పది చొప్పున కోసింది. నేను లారీ నీడలో నిలబడి కత్తి చప్పుడు విన్నాను. పురుగు లేదు. పరీక్ష కాగితం రావడానికి రెండు రోజులు పట్టింది. మందూ లేదు.

"ఏం కొట్టావు జిబ్రిల్?"

"నేనేం కొట్టలేదు మేడం. నన్నే కుట్టాయి."

వానలు మొదలై నాలుగు వారాలయ్యాక మాట నిలబెట్టుకున్నాను. ఆకుల గూళ్లను సంచిలో వేసుకుని చెట్టెక్కాను. కింద ఎనిమిది మంది కోతగాళ్లు, బాకే పెద్దమ్మ, చివరికి ఆవిడ మరిది కూడా చేరి నవ్వారు. దిగేసరికి నా ఎడమ చెవి వంకాయంత అయింది. నవ్విన మరిదే సాయంత్రం తనకూ రెండు గూళ్లు ఇమ్మని వదినను అడిగాడు.

ఇదీ ఆ ఏటి లెక్క. పోయింది ఒక చెట్టు కాపు, మూడు రోజుల నిద్ర, కోతగాళ్ల ముందు నా పెద్దరికంలో కొంత. చూరు కింది సీసా మళ్లీ కొనలేదు. గేటు నిలిచింది. వచ్చే ఏడు నలభయ్యో చెట్టు కాయ కూడా నాకే ఇస్తానని బాకే పెద్దమ్మ మాటిచ్చింది, చీమ మాత్రం తనదేనంటూ.