రెండో నంబరు పంపు గురించి పది నిమిషాలు

పంపు మేస్త్రికి పది నిమిషాలు ఇచ్చారు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆయన పైవాళ్ల ముందు మాట్లాడిందంతా కలిపినా పది నిమిషాలు ఉండదు.

విషయం చిన్నదే. ఊరికి నీళ్లు తోడే రెండు పాత పంపుల్లో రెండోదాని బేరింగు అరిగిపోయింది. నాలుగు రోజులు ఆపి మార్చాలి. ఆపితే సగం ఊరికి నీళ్లుండవు కాబట్టి ఊరి నీళ్ల కమిటీ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే అది ఏదో ఒకరోజు బద్దలవుతుంది. ఇవాళ దాని పక్కన డ్యూటీలో ఉన్నది ఆయన సొంత బావమరిది.

కాలేజీలో పాఠాలు చెప్పే కూతురు వారం రోజులుగా ఆయన్ని కూర్చోబెట్టి తోముతోంది.

"నాన్నా, ముందు ఏం కావాలో చెప్పు. తర్వాత ఎందుకో చెప్పు. చివర మళ్లీ ఏం కావాలో చెప్పు."

"రెండుసార్లు ఎందుకే? వాళ్లకి చెవుడా?"

"చెవుడు కాదు, పెద్దవాళ్లు. మధ్యలో టీ వస్తుంది."

పెద్ద అక్షరాలతో నాలుగు అట్టముక్కలు రాసిచ్చింది. నేలచూపులు చూడొద్దంది. ఇంట్లో చెప్పి చూపించమంటే సిగ్గుపడి తప్పించుకున్నాడు. అందుకని పంపుహౌసులో, రెండు పంపుల మధ్య నిలబడి, రోజుకు పదిసార్లు వల్లించాడు. అక్కడ గడగడా వచ్చేసింది. బావమరిది గోడకానుకుని విని, "బావా, ఇలాగైతే నువ్వు ఎలక్షన్లో నిలబడొచ్చు" అన్నాడు. ఆ మాటా అరిచే అన్నాడు. అక్కడ అరవకపోతే ఏదీ వినబడదు.

అదే కొంప ముంచింది.

కమిటీ గదిలో చీమ చిటుక్కుమంటే వినబడేలా ఉంది. నేలంతా తివాచీ, కిటికీలకు దళసరి తెరలు. బల్ల చుట్టూ ఏడుగురు. మేస్త్రి నోరు తెరిచి, "రెండో నంబరు పంపు ఆపాలి" అన్నాడు. అది పెడబొబ్బలా మోగింది. ఒకాయన చేతిలో టీ తొణికింది.

"మెల్లగా చెప్పవయ్యా. మేమిక్కడే ఉన్నాం" అన్నాడు కమిటీకి పెద్దాయన.

మెల్లగా చెప్పబోయాడు. పంపుల మోత వెంబడి వరసగా వచ్చే మాటలు, మోత లేకపోయేసరికి ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అరచేతుల చెమటకి అట్టముక్కల మీద సిరా అలుక్కుపోయింది. రెండు కింద పడ్డాయి. ఏరుకుని లేచేసరికి ఏది ముందో ఏది వెనకో తెలియలేదు.

"మీటరు ముల్లు మామూలుగానే ఉంది సార్" అన్నాడు బల్ల చివర కూర్చున్న ఇంజనీరు, కాగితాలు ముందుకు తోస్తూ. "మేస్త్రి ముల్లు నమ్మడు. చప్పుడు వింటాడట."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. గోడ గడియారంలో ఆరు నిమిషాలు పోయాయి.

మేస్త్రి అట్టముక్కలు జేబులో కుక్కేశాడు. బల్ల దగ్గరికి జరిగి, పిడికిలితో మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు. దబ్, దబ్, దబ్, దబ్.

"ఇది ఒకటో నంబరండి."

ఆపి, మళ్లీ మొదలుపెట్టాడు. అదే దెబ్బ, అదే నడక. ఇరవయ్యో దెబ్బకి వేలి కణుపుతో బల్ల అంచు మీద టక్కుమని ఒక్కటి వేశాడు.

"ఇది రెండోది."

ఇంకోసారి కొట్టాడు. ఈసారి ఏడుగురి పెదవులూ లెక్కపెడుతున్నాయి. ఇరవై. టక్. టీ ఒలకబోసుకున్నాయన భుజం అదిరింది.

"పోయిన వారం నలభైకి ఒకసారి వచ్చేదండి. మొన్న ముప్పైకి. ఇవాళ పొద్దున ఇరవైకి."

"పదికి వస్తే?" అన్నాడు పెద్దాయన.

"పది దాకా ఉండదండి. పక్కన మనిషున్నాడు."

"బయట కూర్చో. మాట్లాడుకుంటాం."

వరండా గోడ వెంట పంపుహౌసు నుంచి వచ్చే లావుపాటి గొట్టం ఉంది. మేస్త్రి కూర్చోలేదు. గొట్టం మీద అరచెయ్యి ఆనించి లెక్కపెట్టాడు. పద్దెనిమిదికే టక్ తగిలింది. తలుపు తట్టబోయి, మళ్లీ వెనక్కొచ్చి చెయ్యి ఆనించాడు. పదిహేడు. ఇంకోసారి. పదిహేను దాటింది, ఇరవై దాటింది, ముప్పై. టక్ రాలేదు. గొట్టంలో అదురు సగం పడిపోయింది.

ఆపారా, బద్దలైందా?

మోకాళ్ల నొప్పులు మరిచి, ఆవరణకు అడ్డంగా పరిగెత్తాడు. పంపుహౌసు గుమ్మంలో బావమరిది గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"పెద్దాయన ఫోన్ చేశాడు బావా, వెంటనే ఆపెయ్యమని. ఇంతకీ ఏం చెప్పావేంటి అక్కడ?"

మేస్త్రి రొప్పుతున్నాడు. లోపలికెళ్లి బేరింగు పెట్టె మీద దోసెడు నీళ్లు చల్లాడు. చుయ్యిమని ఆవిరి లేచింది. బావమరిది చేతిలో గుడ్డ జారిపోయింది. మేస్త్రి అతని మణికట్టు పట్టుకుని ఎండలోకి లాక్కొచ్చాడు, చాలాసేపు వదల్లేదు.