బుగ్గకు తగిలిన మర

సూదంటేనే హడలిపోయే అత్తగారిని ఒప్పించి కుర్చీలో కూర్చోబెట్టడానికి ఆ పళ్ల డాక్టరుకు మూడేళ్లు పట్టింది. చిగుళ్లు కోసి, ఎముకలో రంధ్రం చేసి, కొత్త పన్నుకు వేరులా నిలిచే టైటానియం మరను నోటి దాకా తెచ్చింది. అంతలో అత్తగారు ఉలిక్కిపడింది. మర బుగ్గ లోపల రాసుకుంది, దానికి ఉమ్మి అంటింది.

"ఎవరూ చూడలేదు, పెట్టేయండి మేడమ్," అంది నర్సు గొంతు తగ్గించి. "ఆ సైజులో ఇంకోటి లేదు."

కోడలి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మర గరుకు ఒంటిమీద ముందు రక్తం పరుచుకోవాలి, ఆ రక్తాన్ని పట్టుకునే ఎముక కణాలు మరమీదికి పాకుతాయి. ఉమ్మి ముందే చేరితే అవి సరిగా అతుక్కోకపోవచ్చు. అప్పుడు కొన్ని నెలలకు మర కదిలిపోతుంది.

"ఎముకకు తెలుస్తుందిగా," అంటూ మరను ట్రేలో పడేసింది. "అత్తయ్యా, మర మైలపడింది. తప్పు నాదే. ఇవాళ్టికి కుట్టేసి, పుండు మానాక మళ్ళీ మొదలుపెడతాను."

"మళ్ళీ సూదా?" మొద్దుబారిన పెదాలతో అడిగిందావిడ.

"మళ్ళీ సూదే."

ఆవిడ తలుపు అద్దంలోంచి బయటికి చూసింది.

"సరే. ఈసారి మావాణ్ణి మాత్రం తీసుకురాకు. బయట కూర్చుని నాకంటే ఎక్కువ వణుకుతున్నాడు."